గాజుల గోవిందు

నవంబరు బాలల సంచికకు ఒక కథ పంపమని సంపాదకులు ఉత్తరం రాశారు. కథ తయారైంది, ఒకటి కాదు రెండు. అయితే వాటికంటే ముందు ఈ నాలుగు మాటలు అచ్చు వేయమని కోరుతున్నాను. ఎందుకంటే, దాదాపు నలభై ఏళ్ళ కిందట నేనే రాసిన ఒక కథకు ఇవి సవరణలు. పత్రికలవాళ్ళు పొరపాటు అచ్చయితే మరుసటి సంచికలో సవరణ వేస్తారు. మా కథకులకు ఆ అలవాటు లేదు.

నేను బళ్ళారిలో ఒక హైస్కూల్లో తెలుగు మేష్టరుగా పనిచేసి రిటైరైనవాణ్ణి. 1953 అక్టోబరులో ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు పోయి, బళ్ళారి మైసూరు రాష్ట్రంలో చేరాక ఇక్కడ తెలుగు చదువు ఏయేటికాయేడు తలకాయలు లెక్కపెట్టుకుంటూ బతుకుతూ వచ్చిందని ఈ పత్రిక చదివేవారికి నేను చెప్పనక్కర్లేదు. పిల్లలు తెలుగు సెక్షన్లో నిలవాలంటే పాఠ్యపుస్తకం ఒక్కటే చాలదనీ, వాళ్ళ ఊరి మాటల్లో, వాళ్ళ కాలువ గట్టు మీద జరిగే కథలు కావాలనీ నేను నమ్మేవాణ్ణి. ఇప్పటికీ నమ్ముతాను. అందుకే రాయడం మొదలుపెట్టాను.

‘గాజుల గోవిందు’ 1986లో రాశాను. ఒక వారపత్రిక పిల్లల పేజీలో వచ్చింది. గోవిందు ఏడో తరగతి పిల్లవాడు. అక్క గాజులు తొడుక్కుంటాడు. మగపిల్లలతో గోలీలాడడు, ఆడపిల్లల మధ్య చతికిలబడి అచ్చనగిల్లలు ఆడతాడు. నడకలో వయ్యారం, మాటలో సాగదీత. బడి బడంతా ‘గాజుల గోవిందు’ అని ఏడిపిస్తుంది. ఒకరోజు హైలెవెల్ కాలువలో ఒక చిన్నపిల్ల జారిపడుతుంది. గట్టున ఉన్న మొనగాళ్ళంతా కేకలు పెడుతూ నిలబడిపోతే, గోవిందు దూకి ఆ పిల్లను ఒడ్డుకు చేరుస్తాడు. ఆ పెనుగులాటలో చేతి గాజులు పగిలిపోతాయి. మర్నాటినుంచి గోవిందు కబడ్డీ కూతకు వెళ్తాడు. గాజుల గోవిందు అని మళ్ళీ ఎవరూ పిలవరు. ‘ధైర్యమే మగవాడికి ఆభరణం’ అన్నది చివరి వాక్యం. ఆ వాక్యం ముందు తట్టి, దానికోసం మిగతా కథంతా కట్టినట్టు గుర్తు.

బాగుందన్నారు. పదిహేను రూపాయలు మనియార్డరు వచ్చింది. ఏమాటకామాటే చెప్పుకోవాలి, నేను గోవిందు పక్షాన ఉన్నాననే అనుకున్నాను. ఏడిపించేవాళ్ళు సిగ్గుపడాలనే రాశాను.

1987లో దాన్ని ఎనిమిదో తరగతి తెలుగు సెక్షన్లో చదివి వినిపించాను. శుక్రవారం, చివరి పీరియడు. నడక వర్ణన దగ్గర పిల్లలు విరగబడి నవ్వారు. చదివి ఊరుకోకుండా నేను కుర్చీ పక్కకు జరిపి నాలుగడుగులు నడిచి చూపించాను కూడా. నాటకాల ఊరు మాది. మేష్టరుకు ఆ మాత్రం అభినయం రాకపోతే ఎలా? కాలువ ఘట్టం వచ్చేసరికి ఊపిరి బిగబట్టారు. చివర చప్పట్లు కొట్టారు. మూడో బెంచీలో ఒక పిల్లవాడు తలొంచుకుని కూచున్నాడని, అది నేను గమనించానని ఇక్కడ రాయవచ్చు. రాస్తే వ్యాసానికి అందంగానే ఉంటుంది. కానీ అబద్ధమవుతుంది. నేనేమీ గమనించలేదు.

ఆ పిల్లవాడిది ముత్యాలకోవ లాంటి దస్తూరీ. పద్యం రాగం తీసి చదివేవాడు. గొంతు సన్నన, నడక మెత్తన. అంతకు ముందూ వాణ్ణి ఏడిపించేవాళ్ళే గానీ తలా ఒక మాట అనేవాళ్ళు. అందరూ కలిసి పిలవడానికి ఒక పేరు నేను కుదిర్చిపెట్టాను. సోమవారంనాటికి అది బడి గేటు దాకా పాకింది. ఇదంతా నాకు తెలిసింది మరో ముప్ఫై రెండేళ్ళకు.

జూన్‌లో బళ్ళు తెరిచేసరికి ఆ పిల్లవాడు తొమ్మిదో తరగతి కన్నడ సెక్షన్లో చేరాడు. నాకు గుండెలో కలుక్కుమంది. సెక్షను నిలవాలంటే ఒక్కొక్క తలా లెక్కే; అందులోనూ ఇంత బాగా తెలుగు వచ్చిన పిల్లవాడు! ఒక సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను. తండ్రి మిల్లులో పనిచేసేవాడు. “వాడే కన్నడం కావాలంటాన్నాడు సార్, మేమేం చెప్పేది?” అన్నాడు. మాతృభాష తల్లిపాల వంటిదని నేను అరగంట ఉపన్యాసం ఇచ్చాను. పిల్లవాడు తలుపు వారగా నిలబడి, తలుపు రంగు గోటితో గీకుతూ విన్నాడు. ఒక్కమాట మాట్లాడలేదు. నేను కోపంగానే లేచి వచ్చాను. ఆ ఏడు ఉగాది సభలో, ఉద్యోగాల ఆశతో మన పిల్లలు భాషను వదిలేస్తున్నారని చెబుతూ, పేరెత్తకుండా ఆ పిల్లవాణ్ణే ఉదాహరణగా చూపాను.

మా ఊరి నాటకాల మాట వచ్చింది గనుక ఒక్క ముక్క చెప్పి ముందుకు పోతాను. ధర్మవరం రామకృష్ణమాచార్యులు సరసవినోదినీ సభ పెట్టిన ఊరిది. మగవాళ్ళు ఆడవేషం కడితే మురిసిపోయి చూసిన ఊరు. ఆడవేషాలు ఆడవాళ్ళే వేయాలని పట్టుపట్టి, కుటుంబ స్త్రీలను రంగస్థలం మీదికి పిలిచిన బళ్ళారి రాఘవదీ ఈ ఊరే. రాఘవ చెప్పిన కారణాలు వేరు, అవి న్యాయమైనవి. ఆడవేషం కట్టిన మగవాళ్ళందరి మనసూ ఒక తీరని నేను అనడం లేదు, వేషం వేషమే. నన్ను ఇప్పుడు తొలిచేదల్లా, రాత్రి పందిట్లో మనం చప్పట్లు కొట్టిన నడకనే పొద్దున బడి వరండాలో చూసి ఎందుకు నవ్వామన్నది. తెల్లవారితే రంగు కడుక్కుని మగవాడై ఇంటికి పోతాడన్న ధీమా ఉంటేనే మనకు ముచ్చట. కడగడానికి రంగే లేనివాడంటే మనకు తోచదు.

2019 దసరా సెలవుల్లో ఒక నడివయసు మనిషి మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. బెంగుళూరులో ఒక కంపెనీలో లెక్కలు చూస్తాడు. దస్తూరీ గురించి చెబితేగానీ నేను గుర్తుపట్టలేదు. మా ఆవిడ కాఫీ ఇచ్చి, “పిల్లలెంతమంది నాయనా?” అని అడిగింది.

“లేరమ్మా. పెండ్లి చేసుకోలేదు. నేనూ నా స్నేహితుడూ పదైదేండ్లుగా ఒకే ఇంట్లో ఉన్నాము.”

“వంటెవరు చేస్తారు?”

“ఆయనే. నాకు ఉప్పు అందాజు తెలీదు.”

ఆవిడ నవ్వింది. నాకు విషయం బోధపడడానికి కాఫీ చల్లారేంతసేపు పట్టింది. అతను తొందరపెట్టలేదు. అంతకు ముందు ఏడు, 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు 377 సెక్షన్ మీద తీర్పు చెప్పింది. ఇష్టపడిన ఇద్దరు పెద్దవాళ్ళు మగవాళ్ళైనా ఆడవాళ్ళైనా కలిసి బతకడం నేరం కాదంది. ఆ వార్తను వాళ్ళమ్మ పేపర్లోంచి కత్తిరించి రేషన్ కార్డు కవర్లో దాచిపెట్టిందట. “నాతో ఏమీ అనలే సార్. ఈ పొద్దుటికీ అనలే. కార్డు కోసం వెతుకుతాంటే దొరికింది” అన్నాడు.

కాసేపటికి, “సార్, ఆ గాజుల గోవిందు కత ఇంకా పెట్టుకోనుండారా?” అని అడిగాడు.

నాకు సంబరం వేసింది. కథకుడికి అంతకంటే ఏం కావాలి? పాత కత్తిరింపుల ఫైలు తెచ్చి చేతిలో పెట్టాను. మెల్లగా రెండుసార్లు చదివాడు.

“కాలవలో దూకేది నాకూ వచ్చు సార్. మా వీధి పిల్లోళ్ళకంతా ఈత నేర్పించింది నేనే. ఆ పేరు మాత్రం పోలే.”

అప్పుడు నేనన్న మాట రాయడానికి చెయ్యి రావడం లేదు గానీ రాయాలి. “పిల్లలన్నాక ఏడిపిస్తారు నాయనా, అవన్నీ మనసులో పెట్టుకుంటారా?” అన్నాను.

“మనసులో పెట్టుకోని కాదు సార్, మీకు ఒక సంగతి తెలీదని చెప్తాన్నా. మీరు మా ఇంటికి వచ్చి తెలుగు వదలద్దంటిరే, ఆ పొద్దు చెప్పలేకపోయినా. కన్నడ సెక్షన్లో ఆ కత ఎవురికీ తెలీదు. అందుకే పోయినా.”

ఫైలు మూసి జాగ్రత్తగా దారం కట్టి నాకిచ్చాడు. మా ఇద్దరికీ నమస్కారం చేసి బస్సుకు వెళ్ళిపోయాడు. క్షమించమని అడగాలని నాకు తట్టలేదు. తట్టేసరికి రాత్రి పది దాటింది. ఫోన్ నంబరైనా తీసుకోలేదు. నెల తర్వాత వాళ్ళ తమ్ముడి దగ్గర సంపాదించి ఫోన్ చేశాను. అప్పటినుంచి మూణ్ణెల్లకో నాలుగు నెల్లకో మాట్లాడుకుంటూ ఉన్నాం.

నేను పొరపడింది ఎక్కడ? చాలాకాలం ఆ ప్రశ్నను పేరు మీదికి నెట్టాను. పేరు బాగా అతికింది, పిల్లలు పట్టుకున్నారు, అంతే అనుకున్నాను. కాదు. కథలోనే ఉంది. గాజులు పగిలాకే గోవిందును అందరూ మెచ్చుకున్నారు. అతను ఒకసారి ఫోన్లో అన్నాడు, “నావి ఎప్పుడు పగుల్తాయా అని కాచుకోనుంటి సార్” అని.

ఆ మలుపు నేను కనిపెట్టింది కాదు. ఏటేటా పాఠం చెప్పిన విరాటపర్వంలోంచే తెచ్చుకున్నాను. అర్జునుడు చేతులకు గాజులు తొడుక్కుని బృహన్నలై ఉత్తరకు నాట్యం నేర్పుతాడు. ఆ పాఠం చెప్పేటప్పుడు ఏ పిల్లా నవ్వలేదు. గాండీవం జమ్మిచెట్టు మీద ఉందని అందరికీ తెలుసు. గడువు తీరగానే గాజులు తీసేస్తాడని తెలుసు. గోవిందుకూ నేను అలాంటి గడువే పెట్టాను. అర్జునుడికి అది అజ్ఞాతవాసం, నిజమే. కానీ గోవిందు ఎవరినుంచీ దాక్కోలేదు. గాజులు తొడుక్కున్ననాడే వాడు తనలాగా ఉన్నాడు. దాక్కోవలసి వచ్చింది నేను గాజులు పగలగొట్టిన తర్వాతనే.

2021 నవంబరులో మంజమ్మ జోగతి రాష్ట్రపతి చేతిమీదుగా పద్మశ్రీ అందుకోవడం టీవీలో చూశాం. మా జిల్లా బిడ్డ. రాష్ట్రపతికి చీర కొంగుతో దిష్టి తీసింది చూసి మా వీధంతా మురిసింది. అంతకు రెండేళ్ళ ముందే ఆమె కర్ణాటక జానపద అకాడమీ అధ్యక్షురాలైంది. నేను ఉత్సాహంగా బెంగుళూరుకు ఫోన్ చేశాను. అతను సంతోషించాడు గానీ, “ఆమె వేరు, నేను వేరు సార్. ఆమెకు చీర కావాల, కట్టుకునింది. నాకు చీర వద్దు, పంచె కూడా సరిగ్గా కట్టుకోను రాదు” అని నవ్వాడు.

ఇన్నాళ్ళూ నేను అన్నింటినీ ఒకే బుట్టలో వేశాను. ఆటబొమ్మలో గాజులో నచ్చిన పిల్లవాడు ఒకడు. వాడు పెద్దయ్యాక ఎవరవుతాడో ఆ గాజులు చెప్పవు. ఊరంతా అబ్బాయి అంటున్నా తాను ఆడపిల్లనని లోపల ఎరిగిన బిడ్డ మరొకరు. తనతోపాటి అబ్బాయి మీదో, అమ్మాయి అయితే అమ్మాయి మీదో మనసు పోయే పదమూడేళ్ళ పిల్లలు ఇంకొకరు. ఈ ముగ్గురికీ కలిపి మన వీధుల్లో ఉన్నది తిట్టు ఒక్కటే. ఆ తిట్టు ఇక్కడ రాయను, అందరికీ తెలుసు. పక్కన తమిళనాట 2021లో మద్రాసు హైకోర్టు చెప్పగా ప్రభుత్వం మరుసటి ఏడు ఇలాంటివారిని మర్యాదగా పేర్కొనే మాటలతో ఒక పట్టిక గెజెట్లో ప్రకటించింది. కథకు పట్టికలోని మాట ఎంతవరకు పనికొస్తుందో గానీ, తిట్టు కాని మాట ఒకటి చేతికి అందేలా ఉంటే బడిలో మేష్టరుకైనా నోరు పెగులుతుంది.

ఆ తర్వాత పిల్లల పుస్తకాలు వెతికి చదివాను, చాలావరకు ఇంగ్లీషులోవి. హిమాంజలి శంకర్ రాసిన ‘టాకింగ్ ఆఫ్ ముస్కాన్’ (2014) హైస్కూలు వయసు పిల్లలకు. ముస్కాన్ అనే అమ్మాయి ప్రాణం తీసుకోబోయి ఆసుపత్రిలో ఉంటుంది. తోటి విద్యార్థులు ముగ్గురు వంతులవారీగా కథ చెబుతారు. చక్కగా రాశారు. కానీ ముస్కాన్ గురించి అందరూ మాట్లాడతారు, ముస్కాన్ మాట్లాడదు. అదే ఏడు వచ్చిన పాయల్ ధర్ ‘స్లైట్లీ బర్న్ట్’లో స్నేహితుడు తన మనసు బయటపెడితే ఒక అమ్మాయి ఎంత తికమకపడిందో ఉంది, ఇందులో నవ్వు కూడా ఉంది, అది నాకు నచ్చింది. చిన్నపిల్లలకోసం చెన్నైలోని తూలిక వాళ్ళు 2019లో కనక్ శశి బొమ్మల పుస్తకం ‘గుఠ్లీ హాజ్ వింగ్స్’ వేశారు. గుఠ్లీని ఇంట్లోవాళ్ళు అబ్బాయంటారు, గుఠ్లీ తాను అమ్మాయినంటుంది. అక్క గౌను వేసుకుంటానంటే కోప్పడతారు. ఎప్పుడూ నవ్వుతూ తిరిగే పిల్ల దిగులుపడిపోతుంది. చివరికి తల్లే గౌను ఇస్తుంది. అంతే కథ. ఎవరూ కాలువలో దూకరు. ఆ తల్లి గౌను ఇచ్చే పుట దగ్గర నేను చాలాసేపు ఆగాను.

నాతోపాటు రిటైరైన ఒక మిత్రుడికి ఈ సంగతులు చెబితే, “పిల్లలకు ఇవన్నీ ఎందుకండీ? లేనిపోనివి బుర్రకెక్కించడం కాకపోతే” అన్నారు. అలా అనేవారు చాలామందే ఉన్నారు, 2021లో ఎన్.సి.ఇ.ఆర్.టి. ట్రాన్స్‌జెండర్ పిల్లల గురించి టీచర్లకోసం తయారుచేసిన పుస్తకాన్ని ఆక్షేపణలు రాగానే కొద్దిరోజులకే తన వెబ్‌సైట్‌నుంచి తీసేసింది. మిత్రుడితో వాదించలేదు. 1987లో నా తరగతిలో ఎవరి బుర్రకూ ఎవరూ ఏమీ ఎక్కించలేదు. ఆ పిల్లవాడు ఎవరో వాడికి తెలుసు, వాణ్ణి ఏ సందులో అడ్డగించాలో మిగతావాళ్ళకు తెలుసు. తెలియనిది మేష్టరుకు ఒక్కడికే.

ఇక సవరణ సంగతి. మొదట చాలా తేలికనుకున్నాను. గోవిందు కాలువలో దూకుతాడు, పిల్లను రక్షిస్తాడు, గాజులు పగలవు. రాసి చూసుకుంటే తృప్తిగానే ఉంది. మర్నాడు చదివితే మళ్ళీ అదే కథ! గాజులు తొడుక్కుని తిరగాలంటే వాడు ఒక ప్రాణం కాపాడి తీరాలి. కాపాడకపోతే? మిగతా పిల్లలెవరినీ ఊరు ఆ సుంకం అడగదు కదా. చింపేశాను.

రెండోసారి వ్యాకరణం దగ్గర చిక్కుపడ్డాను. గుఠ్లీ లాంటి బిడ్డ కథ తెలుగులో రాయాలంటే ప్రతి వాక్యం చివరా తేల్చుకోవాలి: వచ్చాడా, వచ్చిందా? ఇంగ్లీషులో సర్వనామం దగ్గర తేలిస్తే సరిపోతుంది. మనకు క్రియ కూడా ఊరుకోదు. అమ్మ ‘వచ్చాడు’ అంటుంది, బిడ్డ మనసులో ‘వచ్చింది’ అని ఉంటుంది, కథకుడు ఎవరి పక్షం? దానికి తోడు మన ‘వచ్చింది’ ఆడపిల్లకూ ఆవుకూ బస్సుకూ ఒకటే. రెండు రోజులు కలం కదల్లేదు. చివరికి, మూడు పురుషలూ ముప్ఫై ఏళ్ళు బోర్డు మీద రాసి చెరిపినవాణ్ణి, అసలు సంగతి అప్పుడు చూశాను. ‘నేను వచ్చాను’ అన్నప్పుడు ఆడా మగా తేడా లేదు. ‘నువ్వు వచ్చావు’ అన్నా లేదు. హిందీలో ‘నేను పోతున్నాను’ అనాలన్నా మగవాడైతే ఒక తీరు, ఆడది అయితే ఒక తీరు. తెలుగులో తన సంగతి తాను చెప్పుకునే బిడ్డను, ఎదురుగా నిలబెట్టి పిలిచే బిడ్డను, నువ్వు ఆడో మగో ముందు చెప్పమని భాష అడగదు. పరోక్షంలో, నలుగురూ చేరి మాట్లాడుకునేటప్పుడే అడుగుతుంది. కూతుర్ని ‘ఏం నాన్నా’ అనీ, కొడుకును ‘ఏమ్మా’ అనీ ముద్దు చేసుకునే భాష కూడా మనదే.

కనుక గోవిందును తీసేసి, ‘నేను’ అని మొదలుపెట్టాను. దుర్గమ్మ సిడిబండి జాతరలో అవ్వ కొనిపెట్టిన పచ్చగాజు నా చేతికుంది, అన్నంత వరకు రాసి ఆగాను. తర్వాత ఏం జరగాలి? ఎవరో ఒకరు ఏడిపించాలి కదా! వేసవి సెలవులకు వచ్చిన మా మనవరాలికి ఎనిమిదేళ్ళు. దానికి చదివి వినిపించి, “ఇప్పుడు ఏమవుతుంది చెప్పు” అన్నాను.

“గాజు పోతుంది” అంది తడుముకోకుండా.

“ఎవరైనా నవ్వుతారేమో?”

“ఎందుకు నవ్వుతారు? పోయింది కదా తాతా, వెతకాలి.”

అలా ఆ కథ తయారైంది. నలుగురు పిల్లలు కాలువ గట్టంతా గాజుకోసం వెతుకుతారు. కాకి ఎత్తుకుపోయిందని ఒకరు, చేప మింగిందని ఒకరు. చీకటి పడేవేళకు అది మేకపిల్ల కొమ్ముకు తగులుకుని కనిపిస్తుంది. మేకపిల్ల సలహా మనవరాలిదే. పేరు వేయమని కూడా అడిగింది. మేకను పట్టుకునే తంతులో అందరికీ మోకాళ్ళు దోక్కుపోతాయి. ఇందులో మగవాడికి ఆభరణం ఏమిటన్న ప్రసక్తి లేదు.

సంతోషంగా బెంగుళూరుకు కాపీ పంపాను. వారానికి ఫోన్ వచ్చింది. మేక దగ్గర వాళ్ళిద్దరూ పడి పడి నవ్వారట. తర్వాత కొంచెం ఆగి అన్నాడు:

“సార్, ఒకటి చెప్పాల. నేనెప్పుడూ గాజులు తొడుక్కోలేదు.”

నాకు మాట రాలేదు. నిజమే కదా. గాజులు నావి. నేను రాసినవి, నేను తొడిగినవి. దాదాపు నలభై ఏళ్ళ తర్వాత సవరణ పేరుతో మళ్ళీ అవే తీసుకుపోయి అతనికి చూపించాను.

“మరి నీకు ఉన్నదేమిటి నాయనా?” అని అడిగాను. ఎనిమిదో తరగతిలో అడగవలసిన మాట.

చెప్పాడు. రెండో బెంచీలో ఒక పిల్లవాడు ఉండేవాడట. వాడి పెన్ను ఎప్పుడూ కారేది, ఇంకు ఎప్పుడూ నిండుకునేది. ఇతను ఇంటినుంచి బ్రిల్ ఇంకు చిన్న సీసాలో పోసుకుని వచ్చి, ప్రార్థన గంట కొట్టకముందే వాడి పెన్ను విప్పి, ఫిల్లరుతో చుక్క చుక్క పోసి, నిబ్బు తుడిచి పెట్టేవాడు. వేళ్ళకు అంటిన నీలం సాయంత్రం దాకా కడుక్కునేవాడు కాదు. అంతే. ఎవరూ ఎవరితోనూ ఏమీ చెప్పుకోలేదు. ‘గాజుల గోవిందు’ వచ్చాక మొదట ఆ పేరు పెట్టి పిలిచింది ఎవరని నేను అడిగాను. అతను జవాబు చెప్పలేదు. అడగకుండా ఉండవలసింది.

గాజు కథ చిన్నపిల్లల పుటకు సరిపోతుంది. అందులో తీసేయవలసిందేమీ నాకు కనిపించలేదు. ఇంకు కథ పెద్ద తరగతుల పిల్లలకు రాశాను. అది కూడా ‘నేను’ అనే చెబుతుంది. ‘ఇష్టం’ అన్న మాట ఒకేచోట వాడాను. దానికంటే పెద్ద మాట ఆ వయసుకు అక్కర్లేదనిపించింది. చివర ఎవరూ సెక్షను మారరు. జరిగినదానికి అది విరుద్ధమని నాకు తెలుసు. మారినట్టు ఒకసారి, మారనట్టు ఒకసారి రాసి రెండూ అతనికే పంపితే, రెండోదానిమీద ముత్యాల్లాంటి అక్షరాలతో టిక్కు పెట్టి, కింద ‘ఇట్లే ఉండనీ సార్’ అని రాశాడు.

ఒక్క సవరణ మాత్రం అడిగాడు. ‘నేను’ అని చెప్పుకునే పిల్లవాణ్ణి కథలో మిగతా పిల్లలు ‘ఒరేయ్’ అని తప్ప పిలవడం లేదట. “పేరు పెట్టండి సార్. పిలిచేటప్పుడు పేరు ఉండాల.”

“ఏ పేరు పెట్టమంటావు?”

“నా పేరే పెట్టండి. ఇంటిపేరు వద్దు. నా పేరు.”

నిన్న రాత్రి కూచుని దిద్దాను. రెండో బెంచీ అబ్బాయి పెన్ను పైకెత్తి పట్టుకుని వరండా ఈ చివరినుంచి ఆ చివరికి కేకవేసే చోట ఒకసారి, హాజరు పిలిచేటప్పుడు ఒకసారి, ఇంటికి పోతూ కాలువ గట్టు మలుపులో ఒకసారి. మూడుచోట్ల ఆ పేరు వస్తుంది. కంపోజింగులో ఎక్కడా పొరపాటు దొర్లకుండా చూడమని సంపాదకులకు మనవి.